సుగంధి, నన్నారి, సారిబ: ఒక వాసన వెంట తిరిగిన పేర్లు

ఎండాకాలం కర్నూలులోనో కడపలోనో షర్బత్ బండి ముందు నిలబడితే "ఒక నన్నారి" అంటే చాలు. మందపాటి గాజు గ్లాసులో రెండు వేళ్ల మందం సిరప్ పోసి, అరచెక్క నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు ఒక గరిటె వేసి, ఐసుముక్కలు, పైన సోడా. నిమిషంలో చేతికిస్తారు. అదే గుంటూరు, విజయవాడ వైపు సోడా కొట్టుకి వెళితే ఆ మాట అందరికీ తెలియకపోవచ్చు. అక్కడ అడగాల్సింది "సుగంధి". గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే వచ్చే వాసన మాత్రం ఒకటే. కొంచెం వెనిల్లాలా, కొంచెం మట్టిలా, కొంచెం మందులా ఉండే వాసన.

ఈ రెండూ వేరువేరు పానీయాలని అనుకునేవాళ్లు తెలుగువాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఒకటేనని తెలిసినవాళ్లకు కూడా అది ఏ మొక్క అంటే స్పష్టంగా తెలియదు. అమ్మేవాణ్ని అడిగితే "ఏదో వేరండీ, ఒంటికి చలవ" అంటాడు. ఆ జవాబులో అబద్ధమేమీ లేదు. అంతకంటే కచ్చితంగా చెప్పడం అతనికే కాదు, సీసా మీద పేరు అచ్చు వేసినవాళ్లకు కూడా కష్టమే. ఎందుకంటే సుగంధి అన్నా, నన్నారి అన్నా, పుస్తకాల్లోని సారిబ అన్నా ఇప్పుడు అవి మొక్క పేర్లుగా కన్నా వాసన పేర్లుగా వాడుకలో ఉన్నాయి. ఆ వాసన ఏ వేరులో దొరికితే పేరు ఆ వేరుకు పోయింది. చివరికి వేరన్నదే లేని సీసాకీ పోయింది.

ముందు అసలు మొక్క సంగతి. వృక్షశాస్త్రంలో దాని పేరు హెమిడెస్మస్ ఇండికస్. సన్నటి తీగ. చేల గట్ల మీద, కంచెల్లో, రాళ్ల సందుల్లో, చిట్టడవుల్లో పాకుతూ, దొరికినదాన్ని చుట్టుకుంటూ పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ముదురు ఆకుపచ్చ రంగు, మధ్య ఈనె పొడవునా తెల్లటి చార. ఆ చారే దీనికి గుర్తు. అయితే ఆకు ఆకారం చూసి గుర్తుపడదామంటే కుదరదు. ఒకే తీగ మీద గడ్డిపోచలా సన్నగా, పొడుగ్గా కొన్ని ఆకులుంటే కోలగా, వెడల్పుగా కొన్ని ఉంటాయి. పూలు చాలా చిన్నవి, బయట ఆకుపచ్చగా లోపల ఊదాగా ఉంటాయి. జంటగా కాసే సన్నటి కాయలు ఎండి పగిలితే, జిల్లేడు గింజకున్నట్టే పట్టులాంటి దూది ఉన్న గింజలు గాలికి ఎగురుతాయి. చుట్టరికం కూడా అటువైపే.

విలువంతా వేరులో ఉంది. పెన్సిలంత మందమో, ఇంకా తక్కువో ఉండే పొడుగాటి వేరు. పైన గోధుమరంగు బెరడు, దాని మీద అడ్డంగా పగుళ్లు. విరిస్తే బెరడు ఊడి, లోపల లేతరంగు పుల్ల కనిపిస్తుంది. వాసన దాదాపు అంతా ఆ బెరడులోనిదే. అందుకే ఇంట్లో షర్బత్ చేసేవాళ్లు వేళ్లను రోట్లో మెల్లగా దంచి, బెరడును విడదీసి, నడిమి పుల్లను పారేస్తారు. ఈ వేరు భూమిలోకి ఎంత దూరం పోయిందో తెలియకుండా పోతుంది. లాగితే తెగుతుంది, తెగిన ముక్క నుంచి మళ్లీ చిగురేస్తుంది. ఉత్తరాదిలో దీన్ని "అనంతమూల్" అంటారు, అంతు లేని వేరు అని. ఒకసారి తవ్వి చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

తెలుగు పేరు సుగంధిపాల. పాలసుగంధి అని కూడా అంటారు. సుగంధి అంటే అర్థం తెలిసిందే. చిక్కల్లా "పాల" దగ్గర. కొత్తగా వినేవాళ్లు దీన్ని పాలతో ముడిపెడతారు, వేరు పొడిని పాలలో కలుపుకుని తాగే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది కాబట్టి ఆ ఊహ బలపడుతుంది కూడా. నిజానికి తుంచితే తెల్లటి పాలు కారే చెట్లకూ తీగలకూ "పాల" అని చివర చేర్చడం తెలుగులో పాత పద్ధతి. ఏడాకులపాల, కొడిశపాల, ఆకుపాల ఇవన్నీ అలా వచ్చినవే. సుగంధిపాల తీగను గిల్లినా చుక్క పాలు వస్తాయి. అంటే పల్లెటూరి మనిషి ఈ పేరులో రెండు గుర్తులు పెట్టాడు. పైన గిల్లితే పాలు రావాలి, కింద తవ్వితే వాసన రావాలి. ఇంత పనికొచ్చే పేరు పెట్టడానికి వృక్షశాస్త్రం చదవక్కర్లేదు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం దీన్ని జిల్లేడు కుటుంబంలోనే ఉంచి, తర్వాత ఆ కుటుంబాన్నే గన్నేరు కుటుంబంలో కలిపేశారు. రెండూ పాలు కారే వంశాలే.

నన్నారి మాత్రం తమిళం నుంచి వచ్చిన మాట. రాయలసీమకు తమిళ, కన్నడ సీమలతో ఉన్న రాకపోకలు చూస్తే ఇందులో వింత లేదు. దీనికి అందరూ చెప్పే వివరణ ఒకటుంది. "నల్" అంటే మంచి, "నాఱు" అంటే వాసన వేయడం, కాబట్టి నన్నారి అంటే మంచి వాసన గలది అని. వినడానికి బాగుంది. చిక్కేమిటంటే తమిళంలో వాసనకు సంబంధించిన "నాఱు"లో ఉన్నది బండి ఱ, మొక్క పేరులో రాసేది మామూలు ర. తమిళంలో ఈ రెండు అక్షరాలూ వేరు, పాత రాతల్లో ఒకదాని బదులు ఇంకొకటి అంత తేలిగ్గా రాదు. మామూలు ర ఉన్న "నార్" అంటే నార, పీచు. వేరు నారలాగే ఉంటుంది కాబట్టి మంచి నార గలది అనే అర్థానికీ చోటుంది. ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పడం కన్నా, వాసన కథ జనానికి ఎందుకు నచ్చిందో చూడటం మేలు. ఈ మొక్కను వాసనతోనే గుర్తుపెట్టుకున్నారు, అందుకే పేరులో కూడా వాసననే వెతుక్కున్నారు.

పక్కనున్న మలయాళంలో ఈ గొడవ లేదు. అక్కడ "నఱునీండి". నఱు అంటే పరిమళం, నీండ అంటే పొడుగాటి. పరిమళించే పొడుగు వేరు అన్నమాట. డచ్చివాళ్ల కాలంలో, 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాలుగా అచ్చయిన మలబారు మొక్కల గ్రంథం హోర్టస్ మలబారికస్‌లో ఈ మొక్క బొమ్మ "నరు నిండి" పేరుతోనే ఉంది. (తమిళంలో ఒకప్పుడు మంచి వాసనకు వాడిన "నాఱు" ఇప్పుడు కంపు కొట్టడానికి వాడుతున్నారు. మనం నవ్వక్కర్లేదు. మన "కంపు" కూడా పాత కావ్యాల్లో పరిమళమే. కన్నడంలో ఇప్పటికీ అంతే.) కన్నడిగులు ఈ వేరును సొగదె బేరు అంటారు, సింహళీయులు ఇరముసు అంటారు. శ్రీలంకలో ఇది షర్బత్‌గా కన్నా కషాయంగా, గంజిలో కలిపే ఆకుగా ఎక్కువ చెల్లుతుంది.

సంస్కృతానికి వస్తే పేర్లకు కొదవ లేదు, చిక్కులకూ లేదు. అమరకోశం ఈ మొక్కకు ఐదు పేర్లు ఒకే వరసలో చెబుతుంది: గోపి, శ్యామ, శారిబ, అనంత, ఉత్పలశారిబ. వీటిలో చివరిదే మరాఠీలో "ఉపళసరి"గా అరిగి నేటికీ వాడుకలో ఉంది. కానీ అదే అమరకోశంలో "అనంత" అనే మాట భూమికీ ఉంది, గరికకూ ఉంది, దురాలభ అనే ముళ్లమొక్కకూ ఉంది. "శ్యామ" ప్రియంగువుకు కూడా పేరు. శ్లోకం కంఠస్థం చేసిన పండితుడికి ఇది పర్యాయపదాల అందం. ఆ శ్లోకం పట్టుకుని మందు నూరాల్సిన వైద్యుడికి మాత్రం టెన్షనే.

దీనికి తోడు వైద్యగ్రంథాల్లో సారిబలు రెండు. తెల్లది ఒకటి, నల్లది ఒకటి. తెల్ల సారిబ మన సుగంధిపాలే అనడంలో ఇప్పుడు పెద్దగా తగాదా లేదు. మందుల ప్రామాణిక గ్రంథమైన భారత ఆయుర్వేద ఫార్మకోపియా కూడా శ్వేత సారిబ అంటే హెమిడెస్మస్ ఇండికస్ అనే రాసింది. నల్లదాని దగ్గరే అభిప్రాయాలు చీలాయి. ఫార్మకోపియా దాన్ని అడవిపాల తీగగా తీసుకుంది. కొన్ని ప్రాంతాల వైద్యులు నల్లతీగను వాడుతూ వచ్చారు. ఈ రెండూ పాలు కారే తీగలే, ఆకులు కూడా దూరం నుంచి చూస్తే దగ్గరగానే ఉంటాయి. కానీ రెండింటి వేళ్లలోనూ సుగంధిపాల వాసన లేదు. అంటే శాస్త్రం "సారిబ" అన్నప్పుడు తీగ రూపాన్ని, గుణాన్ని లెక్కలోకి తీసుకుంది. షర్బత్ కొట్టువాడికి కావలసింది వాసన ఒక్కటే. అక్కడే పుస్తకాల దారి, బజారు దారి వేరయ్యాయి.

పచారీ కొట్లలో ఇంకో తికమక ఉంది. సుగంధిపాల అని అడిగితే అప్పుడప్పుడు సుగంధబాల చేతిలో పెడతారు. రెండక్షరాలే తేడా, మొక్కలు మాత్రం ఎక్కడా కలవవు. హిందీ ప్రాంతాల నుంచి వచ్చే సుగంధబాల ఒకచోట బెండ కుటుంబపు మొక్క వేరు, ఇంకోచోట తగర వేరు. తగర నిద్రకు వాడే మందు. ఎండకు చలవ చేస్తుందని దాన్ని నానబెట్టుకు తాగితే వచ్చే వాసనకే ఇల్లు వదిలి పోవాలనిపిస్తుంది.

చలవ అనే మాట కూడా ఇక్కడ ముఖ్యం, ఈ వేరు మందుల పెట్టెలోంచి షర్బత్ బండి మీదికి వచ్చింది ఆ మాట పట్టుకునే. సుశ్రుత సంహితలో సారిబాది గణం అని ఒక గుంపు ఉంది. సారిబ, అతిమధురం, చందనం, వట్టివేరు వంటివి అందులో ఉంటాయి. ఆ గణం చేసే పనిగా మొదట చెప్పింది దప్పిక తీర్చడం, తర్వాత రక్తపిత్తం, పిత్తజ్వరం, ఒంటి మంట తగ్గించడం. చరకుడు కూడా దాహప్రశమనాల్లో (ఒంటి మంట తగ్గించేవాటిలో), జ్వరహరాల్లో సారిబను చేర్చాడు. కాబట్టి ఎండాకాలం నన్నారి తాగడం నిన్నమొన్న ఎవరో వ్యాపారి కనిపెట్టిన అలవాటు కాదు. అయితే ఆ గ్రంథాల్లోని మందులో గ్లాసుకు నాలుగు చెంచాల చక్కెర లేదు. ఒక గ్లాసు నన్నారి సోడాలో దప్పిక తీర్చేది ఎక్కువగా నీళ్లు, నిమ్మరసమే. వేరు వంతు వాసనే. మధుమేహం ఉన్నవాళ్లు "చలవే కదా" అని రెండు గ్లాసులు తాగడం ఏమంత మంచి లెక్క కాదు.

ఇక తెల్లవాళ్లు పెట్టిన పేరు, ఇండియన్ సార్సపరిల్లా. ఈ పేరు చరిత్ర చదువుతుంటే ఎవరు ఎవరికి నకలో అర్థం కాకుండా పోతుంది. సార్సపరిల్లా స్పానిష్ మాట. జార్జా అంటే ముళ్లపొద, పర్రిల్లా అంటే చిన్న తీగ. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా పెరిగే స్మైలాక్స్ జాతి ముళ్లతీగల వేళ్లవి. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు వాటిని ఐరోపాకు తెచ్చి సవాయి రోగానికి (సిఫిలిస్‌కు) మందుగా అమ్మారు. మూడు వందల ఏళ్లు ఆ వేరుకు గొప్ప పేరు, పేరుకు తగ్గ ధర. ఇండియాలోని ఇంగ్లీషు వైద్యులకు అది ఓడల మీద రావాలి. ఇక్కడ చూస్తే అలాంటి సన్నటి పొడుగు వేరునే రక్తశుద్ధికి వాడుతున్నారు, పైగా మంచి వాసన. ఇంకేం, దీనికి ఆ పేరే పెట్టేశారు. మొక్కలు చూస్తే రెండింటికీ వంశం కలవదు. స్మైలాక్స్‌ది విత్తులో ఒకే దళం ఉండే వర్గం, సుగంధిపాలది రెండు దళాల వర్గం.

కోరమాండల్ తీరపు మొక్కల మీద పని చేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్‌కు ఈ తేడా బాగా తెలుసు. ఆయన ఏళ్ల తరబడి సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల మొక్కలను తెలుగు పేర్లతో సహా రాసుకున్నవాడు. సుగంధిపాలకు ఆయన పెట్టిన శాస్త్రీయ నామం ఆస్క్లెపియాస్ సూడోసార్సా, అంటే దొంగ సార్సా. అంతకుముందే, 1753లో, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని పెరిప్లోకా ఇండికా అని నమోదు చేశాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే మరో వృక్షశాస్త్రవేత్త హెమిడెస్మస్ అనే కొత్త ప్రజాతి పేరు ఇవ్వడంతో ఇప్పటి పేరు స్థిరపడింది. అయినా లండన్ వైద్యుల్లో కొందరు కొన్నాళ్లపాటు ఇది స్మైలాక్సే అనుకున్నారు. 1830లలో ఈ వేరు నుంచి తీసిన స్ఫటికాలకు "స్మైలాస్పెరిక్ ఆమ్లం" అని పేరు పెట్టారు. ఏ మొక్కకైతే సంబంధమే లేదో దాని పేరు రసాయనానికి కూడా అంటుకుంది. 1864 బ్రిటిష్ ఫార్మకోపియా వచ్చేనాటికి హెమిడెస్మస్ తన సొంత పేరుతో అందులో చోటు సంపాదించింది. దాని వేళ్లతో చేసే చక్కెర పాకం కూడా అందులో ఉంది. మూత పెట్టిన పాత్రలో మరిగే నీళ్లు పోసి వేళ్లను నానబెట్టి, వడకట్టి, చక్కెర కలపమన్నారు. మన ఇళ్లలో నన్నారి సిరప్ చేసే పద్ధతికీ దానికీ పెద్ద తేడా లేదు. (ఆ మాటకొస్తే సిరప్, షర్బత్ రెండూ తాగడం అనే అర్థమున్న ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టినవి.)

అసలు సార్సపరిల్లాలో చెప్పుకోదగ్గ వాసన లేదు, కొంచెం వగరు, కొంచెం చేదు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో సార్సపరిల్లా పేరుతో టానిక్కులు, సోడాలు విపరీతంగా అమ్ముడయ్యాయి. వాటి రుచి మాత్రం ఎక్కువగా సాసఫ్రాస్ అనే చెట్టు వేరు బెరడుది, వింటర్‌గ్రీన్ ఆకు నూనెది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చార్లెస్ హైర్స్ జనానికి చూపించిన రూట్ బీర్ అనే సోడా కూడా ఆ కోవలోనిదే. సాసఫ్రాస్ నూనెలోని సాఫ్రోల్ కాన్సర్ తెస్తుందని తేలడంతో 1960లో అమెరికా ప్రభుత్వం ఆహారంలో దాన్ని నిషేధించింది. అప్పటినుంచి ఆ రుచిని వేరే దినుసులతో కట్టుకొస్తున్నారు. అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు మొదటిసారి రూట్ బీర్ తాగినప్పుడు కొందరికి సుగంధి సోడా గుర్తొస్తుంది, కొందరికి నొప్పుల బామ్ గుర్తొస్తుంది. రెండోవాళ్లను తప్పు పట్టలేం. వింటర్‌గ్రీన్ నూనెలో ఉండే మిథైల్ శాలిసిలేటే బామ్‌లో కూడా ఉంటుంది. మలేసియా, ఫిలిప్పీన్స్‌లలో "సార్సి" పేరుతో దొరికే సోడా కూడా ఈ వంశానిదే. పేరులో సార్సపరిల్లా ఉన్నా ఆ సీసాల్లో ఆ వేరు ఉండాలన్న నియమం ఏనాడూ లేదు.

అమెరికాలో జరిగిందే ఇక్కడా జరిగింది, కాకపోతే నెమ్మదిగా. సుగంధిపాల వేరు సన్నం. ఒక తీగను తవ్వితే దొరికేది గుప్పెడు, అందులో బెరడు ఇంకా తక్కువ. ఇంటివరకు షర్బత్ చేసుకోవడానికి సరిపోతుంది. ఫ్యాక్టరీకి చాలదు. అదే కొండల్లో, శేషాచలం, నల్లమల రాళ్ల మధ్య, అచ్చం అదే వాసన ఇంకా ఘాటుగా ఉన్న గడ్డలు దొరుకుతాయి. బొటనవేలంత నుంచి మణికట్టంత లావుంటాయి, కండ పట్టి ఉంటాయి. ఈ మొక్క డెకాలెపిస్ హామిల్టోనియై. తెలుగులో మారెడు గడ్డలు, మారెడు కొమ్ములు అంటారు. నన్నారి కొమ్ములు అన్న పేరూ ఉంది. కన్నడంలో మాకళి బేరు, తమిళంలో మాగాళి కిళంగు. ఈ దుంప ముక్కలను పెరుగులో, కారంలో ఊరబెట్టే పచ్చడి తమిళ, కన్నడ ఇళ్లలో ప్రసిద్ధం. నచ్చినవాళ్లకు ప్రాణం, నచ్చనివాళ్లు నల్లి వాసన అని పారిపోతారు.

రెండు మొక్కలూ ఒకే కుటుంబంలో దగ్గరి చుట్టాలు, ఒకే జాతి మాత్రం కావు. వాసన ఎందుకు ఒకటైందంటే రెండింటిలోనూ ముఖ్యమైన రసాయనం ఒకటే: 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిల్లా గింజల వాసనకు కారణమైన వెనిలిన్‌లో ఏ పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో ఇందులోనూ అవే, అన్నే ఉన్నాయి. అమరిక మాత్రం వేరు. నన్నారి తాగినప్పుడు ఎక్కడో వెనిల్లా తగిలినట్టు అనిపించడం భ్రమేమీ కాదు. దుంపలను నీళ్లతో కాచి ఆవిరి పట్టి చల్లబరిస్తే ఈ పదార్థం తెల్లటి స్ఫటికాలుగా దొరుకుతుంది. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, సీఎఫ్‌టీఆర్‌ఐ, శాస్త్రవేత్తలు మారెడు గడ్డల మీద చాలా పని చేశారు. నిలవ ధాన్యానికి పురుగు పట్టకుండా ఈ వేరు పొడి పనికొస్తుందని చూపించింది కూడా వాళ్లే.

ఇక్కడ తెలుగు మాటల్లో ఒక చిన్న విషయం గమనించాలి. మారెడుకు బర్రె సుగంధి అన్న పేరు కూడా ఉంది. అంటే కొండల్లో తిరిగి వేళ్లు తవ్వేవాళ్లు రెండింటినీ ఎప్పుడూ కలపలేదు. సన్నవేరుది సుగంధి, లావు దుంపది బర్రె సుగంధి. చెంచులకు, యానాదులకు ఈ తేడా చేతికి తెలుసు, ముక్కుకు తెలుసు. దుంప కొండ దిగి కాటా ఎక్కగానే "బర్రె" పోయింది. సిరప్ సీసా దాకా వచ్చేసరికి అంతా నన్నారే. తవ్వేవాళ్ల దగ్గర రెండు పేర్లు, అమ్మేవాళ్ల దగ్గర ఒకటి.

ఆ పోయిన ఒక్క మాట ఖరీదు అడవికి బాగా తగిలింది. సుగంధిపాల దాదాపు దేశమంతా ఉంది, వేరు ముక్క మిగిలితే మళ్లీ మొలుస్తుంది. మారెడు అలా కాదు. అది దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా పెరగదు. దుంప కోసం తవ్వినప్పుడు చాలాసార్లు గడ్డల గుత్తి మొత్తం పైకి వస్తుంది, మొక్క అక్కడితో సరి. మళ్లీ గింజ పడి, మొలిచి, దుంప ఊరడానికి ఏళ్లు పడుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ, ఐయూసీఎన్, దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ఎర్రజాబితాలో చేర్చింది. గిరిజన సహకార సంస్థ అడవి ఉత్పత్తులు కొని, తన పేరుతో నన్నారి షర్బత్ కూడా అమ్ముతుంది. గిరిజనులకు ఇది నాలుగు రూపాయలు తెచ్చే పని, దాన్ని ఆపమనడం అన్యాయం. గుత్తిలో కొన్ని గడ్డలు వదిలి మిగతావి తీసుకోవడం, నారు పెంచి చేలల్లో వేయడం లాంటి దారులు ఉన్నాయి. వాటికి ముందు కావలసింది సీసాలో ఉన్నది ఏ మొక్కో ఒప్పుకోవడం. నన్నారి అంటే సుగంధిపాల, అది చేలగట్టున కూడా దొరుకుతుంది అనుకుంటున్నంతకాలం నల్లమలలో ఏం తగ్గిపోతోందో గ్లాసు పట్టుకున్నవాడికి తెలిసే అవకాశమే లేదు.

సుగంధిపాల, మారెడు తర్వాత మూడో దశ, అసలు వేరన్నదే లేని సుగంధి. ఆ రసాయనం ఏదో తెలిశాక దాన్ని ప్రయోగశాలలో చేయడం కష్టం కాదు. చక్కెర పాకం, సిట్రిక్ యాసిడ్, రంగు, ఎసెన్స్ కలిపితే చవకైన సిరప్ తయారు. దీన్ని విషమనడానికి లేదు. కానీ సీసా మీద వేరు బొమ్మ వేసి అమ్మడం మాత్రం మోసం కిందికే వస్తుంది. తేడా పట్టుకోవడానికి కొంత దారి ఉంది. వేళ్లు నానబెట్టి చేసిన సిరప్ లేత టీ డికాక్షన్ రంగులో, కొంచెం మబ్బుగా ఉంటుంది. నల్లగా నిగనిగలాడుతుంటే మాడ్చిన చక్కెరో, రంగో పడిందని అర్థం. వేరు సిరప్‌లో వాసన వెనక సన్నటి వగరు ఉంటుంది, మింగాక నాలుక వెనక కాసేపు నిలుస్తుంది. ఎసెన్స్ వాసన మూత తీయగానే గుప్పుమని, రెండో గుక్కకే పలచబడుతుంది. లేబుల్ మీద చిన్న అక్షరాలు కూడా చదవాలి. వాడిన ఫ్లేవర్ సహజమైనదా, సహజాన్ని పోలినదా, కృత్రిమమా అన్నది ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అక్కడ రాయాలి.

ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక్క జాగ్రత్త. ఆ వాసన ఆవిరితో పాటే పోతుంది. వేళ్లను బాగా కడిగి, బెరడు దంచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున మూత పెట్టి సన్నసెగ మీద కాసేపు కాస్తే చాలు. సారం బాగా దిగుతుందని మూత తీసి గంటసేపు మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, సీసాలో చక్కెర నీళ్లు మిగులుతాయి. చక్కెర పాకం పట్టాక దించి, నిమ్మరసం పిండితే పాకం గడ్డకట్టదు. మదురైలో ఈ సిరప్‌ను పాలు, బాదం బంక, ఐస్‌క్రీమ్‌తో కలిపి జిగర్‌తండా చేస్తారు. కేరళలో నిమ్మకాయ, సోడాతో సర్బత్‌గా ఇస్తారు. అక్కడ కూడా సన్నవేరా, దుంపా అని అడిగేవాళ్లు తక్కువే.

ఆయుర్వేద మందు సీసా తిప్పి చూస్తే సారిబ అన్న పేరు పక్కనే లాటిన్ పేరు, వాడింది వేరా ఆకా అన్నది రాసి ఉంటుంది. అదే కొట్లో, పక్క అరలో ఉన్న షర్బత్ సీసా మీద "నన్నారి వేరు సారం" అని ఉంటే అదే గొప్ప. మందుకు ఉన్న ఆ ఒక్క వరస పానీయానికీ రాయమంటే తయారీదారుకు పెద్ద ఖర్చేమీ కాదు: హెమిడెస్మస్ ఇండికస్, లేకపోతే డెకాలెపిస్ హామిల్టోనియై. తెలుగులో రాయాలనుకుంటే ఇంకా తేలిక. సుగంధి, లేకపోతే బర్రె సుగంధి.